కుడి భుజం మీద జంధ్యం

కాస్త దగ్గరగా జరిగి కూర్చోండి అమ్మలూ, బాబులూ. గుమ్మంలో కూర్చుంటే ఆటోల రొదకి నా మాట సగం రోడ్డు మీదికే పోతుంది. నేను చదివింది నాలుగో తరగతి. రాయబోతే అక్షరాలు వరసలో నిలబడవు గాని, కళ్లతో చూసింది మాత్రం ఏదీ మరిచిపోను. పని చేసిన ఇరవై రెండేళ్లలో ఏ పండగకి ఎవరు ఏ రంగు చీర కట్టుకొచ్చారో అడిగినా చెబుతాను. కాబట్టి ఇది నమ్మి వినండి.

మీరిప్పుడు పొద్దున్నే కంపెనీ బస్సెక్కి అచ్యుతాపురం వెళుతున్నారు. మెడలో కార్డు, తలకి టోపీ, మధ్యాహ్నం క్యాంటీను భోజనం. మాకవేవీ లేవు. కశింకోటలో షేరు ఆటో ఎక్కి, ఒడిలో క్యారేజీ పెట్టుకుని, అనకాపల్లిలో బెల్లం మార్కెట్టుకి రెండు వీధుల ముందే దిగేదాన్ని. అక్కడొక రేకుల షెడ్డు. అందులో పొడుగాటి బల్లలు. ఆ బల్లల మీద గుడ్డలు పరిచి అచ్చు వేసేవాళ్లం.

చీరల మీద పువ్వులు కాదు. మా షెడ్డు పని వేరు. ఏదైనా బడికి పాతికేళ్లు నిండితే రుమాళ్లు, బెల్లం వర్తకులు ప్రదర్శన పెడితే చేతిసంచులు, ఊళ్లో ఎగ్జిబిషన్ వస్తే జెండాలు, పెద్దవాళ్ల ఇళ్లలో వేడుకలకి కండువాలు. ఆ రోజు గుర్తుండాలని పంచిపెట్టేవన్నీ. మేము వాటిని గుర్తుగుడ్డలు అనేవాళ్లం.

గుర్తుగుడ్డకి కూడా మనిషికి లాగే బతుకుంటుంది. తెచ్చుకున్న కొత్తలో బీరువాలో మడతపెట్టి ఉంటుంది. ఏడాది పోయాక టీవీ మీదికి దిగుతుంది. తరవాత ఆవకాయ జాడీ మూతికి చేరుతుంది. చివరికి పొయ్యిగట్టు తుడిచే గుడ్డ అవుతుంది. మా ఇంట్లోనే ఒక మహాసభ చాలాకాలం జాడీ మూతికి కట్టి ఉంది. అయితే ఒకటి. మొహం అచ్చు వేసిన గుడ్డ మాత్రం అలా దిగజారదు. మొహం ఉన్నదాన్ని ఎవరూ కాలికిందా వేయరు, దాంతో చెయ్యీ తుడవరు. అందుకే మొహం వేసేటప్పుడు మా షెడ్డులో మాటలు తగ్గేవి.

షెడ్డులో పదిమందిమి ఉండేవాళ్లం గాని ఈ కథకి ముగ్గురు చాలు. ఒకరు ఓనరు గారు. చెడ్డవాడు కాదు, తొందరమనిషి. రెండో ఆయన మేస్త్రీ తాత. రంగు కలిపితే వేలితో చూసి, ఇంకొక్క చుక్క నీళ్లు అనేవాడు. ఆ చుక్క పడితే సరిగ్గా ఉండేది. మూడోది మా ఒదిన. సొంత ఒదిన కాదు, పక్కపక్కన తొట్టెల దగ్గర ఎనిమిదేళ్లు స్క్రీన్లు కడిగాం కాబట్టి ఒదిన అయింది.

స్క్రీను అంటే చెక్క చట్రానికి బిగించిన సన్నటి జాలీ గుడ్డ. దానికి ఒక మందు పూసి, బొమ్మ ఉన్న ఫిల్మును అంటించి వెలుగు చూపిస్తే, బొమ్మ ఉన్నచోట మాత్రం మందు నీళ్లకి కరిగిపోతుంది. ఆ కన్నాల్లోంచి రంగు దిగి బొమ్మ పడుతుంది. అచ్చు అయిపోయాక రంగూ, మందూ పోయేట్టు కాస్టిక్ నీళ్లతో కడగాలి. అదే మా పని. ఆ నీళ్లకి నా వేళ్ల చివరలు అరిగి నున్నగా అయిపోయాయి. ఇప్పటికీ రేషను షాపులో వేలిముద్ర పడదు, మూడుసార్లు నొక్కిస్తారు.

నాకు ఆ తొట్టె దగ్గర్నుంచి లేచి స్క్రీను చేసే గదిలోకి వెళ్లాలని ఉండేది. అది చీకటిగది. ఎర్రబల్బు ఒకటి వెలుగుతుంది. మేస్త్రీ తాత తప్ప ఎవరూ వెళ్లేవారు కాదు. తాతకి కళ్లు మసకబారుతున్నాయని అందరికంటే ముందు కనిపెట్టింది నేనే. ఒకరోజు నెమ్మదిగా వెళ్లి అడిగాను.

“తాతా, నాకు నేర్పవా?”

“నాను నేర్పుతాను గాని, ఓనరు బాబు ఒప్పుకోవాల గదేటి” అన్నాడు తాత.

ఓనరు గారు ఒప్పుకోలేదు. ఆడమనిషివి, ఆ మందులూ అవీ నీకెందుకమ్మా అన్నారు. అలా రెండు పండగలు గడిచాయి. అప్పుడొచ్చింది కోట పని.

రెండు వేల సంవత్సరం దాటి ఐదారేళ్లయి ఉంటుంది. రావికమతం దాటి వెళితే కొండల వైపు ఒక పాత కోట ఉండేది. రాజ్యం ఎప్పుడో పోయింది, పెద్దాయన మాత్రం ఉన్నారు. చుట్టుపక్కల అందరూ రాజావారనే అనేవారు. ఆయనకి ఎనభై దాటాయి. వెయ్యి పున్నముల చంద్రుణ్ణి చూసినవాళ్లకి చేసే వేడుక ఆయనకి చేయాలని పిల్లలు తలపెట్టారు. ఆ రోజే కోటలో ఉన్న పాత వస్తువులన్నీ హాల్లో పెట్టి, ఊరందరికీ చూపిస్తారట. వచ్చినవాళ్లకి కండువాలు పంచుతారట.

కోట గుమాస్తా గారు మా షెడ్డుకి వచ్చి పర్సులోంచి మడతపెట్టిన ఒక రుమాలు తీశారు. పసుపు పట్టిపోయింది. మడతల దగ్గర చిరిగింది. లండనులో రాజుగారికి పట్టాభిషేకమైనప్పుడు ఇక్కడ బడిపిల్లలందరికీ పంచినదట. అండాకారంలో ఒక రాజు, ఒక రాణి, చుట్టూ జెండాలు. రాజావారు అప్పుడు బడికెళ్లే వయసట.

“ఇన్నేళ్లు దాచుకున్నారమ్మా” అన్నారు గుమాస్తా గారు. “ఇలాగే, తన బొమ్మతో కండువా కావాలని ఆయన కోరిక. వెయ్యి కండువాలు. బొమ్మ గోధుమరంగులో, అంచూ అక్షరాలూ ఎరుపులో.”

ఒక ఫోటో కూడా ఇచ్చారు. పూజ నుంచి లేచి, మొహం కాస్త పక్కకి తిప్పి కూర్చున్నట్టుంది. పంచె, నుదుట బొట్టు, వట్టి ఛాతీ మీద జంధ్యం. నాకు ఆ మొహం నచ్చింది. కోపం రావడానికి టైము పట్టే మొహం.

ఆ వారమే తాత కళ్లకి ఆపరేషను. పని ఆగకూడదు. ఓనరు గారు నన్ను పిలిచారు.

“నువ్వే అడుగుతున్నావు కదా. చెయ్యి. పాడైందో, మళ్లీ జన్మలో ఆ గదిలోకి రాకు. నీ తొట్టె నీదే.”

నేను తలూపాను. ఆ రోజు ఇంటికెళ్లి మా ఆయనకి చెబితే, ఇంకేటి, మేస్త్రమ్మ గారికి దండాలు అని చేతులు జోడించాడు.

ఆపరేషనుకి వెళ్లేముందు తాత నాకు ఒకటే మాట చెప్పాడు. “ఫిల్ముకి రెండు పక్కలుంతాయి అమ్మీ. ఒకటి నున్నన, ఒకటి గరుకు. గరుకు పక్క మందుకి తగలాల. తిరగబడితే బొమ్మ తిరగబడిపోద్ది. యేలితో రాసి సూడు, తెలిసిపోద్ది.”

ఎర్రబల్బు కింద ఫిల్ము తీసి వేలితో రాశాను. ఇటు నున్నగా ఉంది. తిప్పి రాశాను. అటూ నున్నగానే ఉంది.

ఇప్పుడు మీకు అర్థమైంది కదా. కాస్టిక్ నీళ్లు తినేసిన వేళ్లకి గరుకేది, నునుపేది? అడగడానికి తాత ఆస్పత్రిలో ఉన్నాడు. ఓనరు గారిని అడిగితే, ఇంతమాత్రం తెలియని దానివి ఎందుకొచ్చావంటారు. అక్షరాల ఫిల్ము చేసినప్పుడు ఇబ్బంది లేదు. నాలుగో తరగతి చదువైనా అక్షరాలు తిన్నగా ఉన్నాయో లేదో తెలుస్తుంది. మొహానికి అది లేదు. అటు తిప్పినా మొహమే, ఇటు తిప్పినా మొహమే. ఫోటో పక్కన పెట్టి చూసుకుంటే అయిపోయేది. అదేమో పాడవకూడదని ఓనరు గారు సొరుగులో పెట్టి తాళం వేసుకున్నారు. ఇదిగో ఈ పక్కే అని మనసులో ఒకటి అనుకుని అంటించేశాను.

మొదటి కండువా పడగానే అందరూ బల్ల చుట్టూ మూగారు. ఓనరు గారు నవ్వారు. బాగుంది, మొహం కళగా ఉందన్నారు. బొమ్మ గీతలు కాస్త మసకగా ఉన్నాయని నాకే అనిపించింది. ఫోటో పాతది కదా అనుకున్నాను. నా మొదటి స్క్రీను నాకు అందంగానే కనిపించింది. ఎవరికి కనిపించదు?

రెండు రోజుల్లో వెయ్యి కండువాలకీ గోధుమరంగు బొమ్మ వేసేశాం. ఒక్కసారే కలిపిన రంగు కాబట్టి ముందు బొమ్మలన్నీ పూర్తి చేయాలి. మూడోరోజు అక్షరాలూ అంచూ మొదలుపెట్టాం. వేడుక ఇంకో మూడు రోజులుంది. మధ్యాహ్నానికి ఓ వంద అయ్యాయి. మిగతావి షెడ్డు వెనక దండేల మీద ఇంకా ఆరుతున్నాయి. తాత కూడా కంటికి నల్లద్దాలు పెట్టుకుని, ఇంట్లో తోచడం లేదని ఆ రోజే వచ్చి కూర్చున్నాడు.

అన్నాలు తినేసి ఒదినా నేనూ దండెం దగ్గరికి వెళ్లాం. ఒదిన పకపకా నవ్వింది.

“ఓలమ్మో, ఇటు సూడే మరదలా! రాజుగారు రాజుగారితో మాటాడతన్నారు!”

చూస్తే నిజమే. గుడ్డ పల్చటి మల్లు. రంగు వెనక్కి దిగింది. ఎవరో ఒక కండువాని తిరగేసి ఆరేశారు. పక్కపక్కన రెండు బొమ్మలు, ఒకటి ముదురు, ఒకటి లేత, ఎదురెదురుగా చూసుకుంటున్నాయి.

“ఏటి మాటాడుకుంతన్నారంటావు?” అంది ఒదిన.

“ఇంకేటుంతాది, శిస్తు గురించే” అన్నాను నేనూ నవ్వుతూ.

నవ్వుతూనే ఆగిపోయాను. ఒక రాజుగారికి జంధ్యం ఎడమ భుజం మీదుంది. ఇంకొకరికి కుడి భుజం మీదుంది. లేతగా, తిరగేసి ఉన్న ఆయనకి ఎడమ. మేము అచ్చు వేసిన వైపు కుడి.

ఆ ఏడాదే మా ఆయన తండ్రి పోయారు. పెద్దకర్మ రోజు పంతులుగారు మా ఆయన ఎడమ భుజం మీది తువ్వాలు తీయించి కుడి భుజం మీదికి మార్పించారు. పోయినవాళ్లకి చేసేటప్పుడు మాత్రమే ఇలా వేసుకోవాలి నాయనా, మంచి జరిగేటప్పుడు ఎప్పుడూ ఎడమే అన్నారు. తువ్వాలైనా అంతే, జంధ్యమైనా అంతే. ఆ మాట అప్పుడు చెవిన పడింది. ఇప్పుడు దండెం మీద కనిపించింది.

ఓనరు గారి గదిలోకి వెళ్లి ఫోటో ఒకసారి చూపించమన్నాను. సొరుగు తీశారు. ఫోటోలో జంధ్యం ఎడమ భుజం మీదుంది.

చెప్పకపోతే ఎవరికీ తెలియదు. ఓనరు గారే మొదటి గుడ్డ చూసి నవ్వారు, ఆయనకే తెలియలేదు. చెబితే తొట్టె. నిండు నూరేళ్లు బతకాలని చేసుకునే పండగకి, పోయినవాళ్లకి తద్దినం పెట్టే మనిషిలా ఆ పెద్దాయన వెయ్యి మంది మెడల్లో వేలాడతారు. ఆయన మొహం నా ఎదురుగా బల్ల మీదే ఉంది.

“బాబూ, బొమ్మ తిరగబడిపోనాది. నానే తప్పు సేసేను” అన్నాను.

ఆయన రెండూ పక్కపక్కన పెట్టి చూశారు.

“ఎవరు చూస్తారమ్మా? భుజాలు లెక్కపెట్టడానికి వస్తారా జనం?”

“పంతుళ్లు వత్తారు గదా బాబూ ఆ కార్యానికి. ఆళ్ల కళ్లు ముందు అక్కడికే ఎల్తాయి.”

ఆ మాటకి ఆయన కుర్చీలో వెనక్కి వాలిపోయారు. “చెప్పానా? నేను చెప్పానా? సోమవారం నుంచి ఆ గదిలోకి రాకు. ఇప్పుడు వెయ్యి గుడ్డలు ఎక్కణ్ణుంచి తేను?”

తాత లేచి వచ్చాడు. కండువా తీసుకుని కిటికీ వెలుగుకి ఎత్తిపట్టి, నల్లద్దాలు పైకి జరిపి చూశాడు. తిరగేశాడు. మళ్లీ చూశాడు.

“గుడ్డ పల్చన. రంగు ఈపుకి దిగింది. అక్సరాలు ఎయ్యని గుడ్డలు తొమ్మిదొందలున్నాయి గదా. తిరగేసి పరిసి, ఇటేపు అక్సరాలెయ్యండి. ఈపే మొహం అయిపోద్ది.”

ఓనరు గారు వెనకవైపు బొమ్మ చూసి మూతి విరిచారు. “మరీ వెలిసిపోయినట్టుందేమిటి?”

“ఎనబైయేళ్ల మనిసి బాబూ” అన్నాడు తాత. “ఎలిసిపోక ఎలాగుంతాడు?”

అప్పుడు నవ్వు రాలేదు గాని తరవాత ఎన్నిసార్లు నవ్వుకున్నానో. నిజానికి ఆ లేతరంగు మొహం పాత ఫోటోలా బాగుంది. రెండు రోజులు ఒక్కళ్లం కూడా తల ఎత్తలేదు. తొమ్మిది వందలు తిరగేసి పరిచి, ఎర్రక్షరాలు వేసి, ఆరేసి, ఇస్త్రీ చేశాం. అంతకుముందే అక్షరాలు పడిపోయిన ఆ వందా ఒక గోనెలో కట్టి బల్ల కింద పెట్టాం. వాటి సంగతి తరవాత చూద్దామన్నారు ఓనరు గారు.

వేడుక రోజు పంపకం చూసుకోవడానికి ఓనరు గారు నన్నూ ఒదిననీ తీసుకెళ్లారు. నా మనసు తేలికగా లేదు. సోమవారం నుంచి తొట్టె దగ్గరికే కదా. అయినా పండగ పాడవలేదు, అది చాలనుకున్నాను. కోట గేటుకి మామిడాకులు కట్టారు. పెద్ద హాల్లో పాత పల్లకీ, కత్తులు, వెండి పన్నీరుబుడ్డి, గోడకి మనిషి ఎత్తు అద్దం. లండను రాజుగారి రుమాలు కూడా గాజు కింద పెట్టారు. చుట్టుపక్కల పల్లెల నుంచి రైతులు పిల్లాపాపలతో వచ్చి, ఒక్కో వస్తువు దగ్గరా చెప్పులు విప్పినంత మర్యాదగా నిలబడుతున్నారు.

మేము మూటలు విప్పుతున్నాం. గుమాస్తా గారు వచ్చి మూటల అడుగు నుంచి కొన్ని కండువాలు లాగి, ముఖం వికసించి, వెండి పళ్లెంలో పేర్చుకున్నారు.

“ఇవి బాగా పడ్డాయమ్మా. మిగతావి వెలిసినట్టున్నాయి. పెద్దవాళ్లకి ఇవే. రాజావారు స్వయంగా తన చేత్తో ఇస్తారు.”

నేను పళ్లెంలోకి చూశాను. గోధుమరంగు ముదురుగా, కళగా ఉంది. జంధ్యం కుడి భుజం మీద ఉంది. బల్ల కింద గోనెలో ఉండాల్సిన వందా ఇవే.

ఓనరు గారి వైపు తిరిగాను. ఆయన పైకప్పు చూస్తున్నారు.

“వెయ్యి అడిగారు. తొమ్మిది వందలు ఎలా ఇస్తాం? అడుగున పెట్టాను. ఊరుకో, ఎవరూ చూడరు” అన్నారు గొంతు తగ్గించి.

పళ్లెం అప్పటికే రాజావారి పక్కకి వెళ్లిపోయింది. ఆయన లేచి నిలబడ్డారు. ముందు వరసలో ముసలి రైతులు చేతులు కట్టుకుని ఉన్నారు. పక్కన పంతుళ్లు నలుగురు.

నేను కదలబోతే ఒదిన నా చెయ్యి పట్టుకుంది. “ఎల్లకే. ఆ తొట్టె ఉజ్జోగం కూడా ఊడిపోద్ది. పిల్లల్ని ఏటి పెట్టి పెంచుతావు?”

“ఆయన సేత్తో పంచేత్తే మరి ఎనక్కి తేలేం ఒదినా” అన్నాను.

అంతమంది మధ్యలోంచి ఎలా నడిచానో తెలియదు. రాజావారికి నాలుగడుగుల దూరంలో ఆగి దండం పెట్టాను.

“బాబూ, అవి ఇయ్యకండి. అవి తప్పు గుడ్డలు.”

గుమాస్తా గారు నన్ను పక్కకి తోయబోయారు. రాజావారు చెయ్యెత్తి ఆపారు.

“తప్పేమిటమ్మా?”

“మీ జంధ్యం కుడి భుజం మీద పడిపోనాది బాబూ. ఆ అచ్చు సేసింది నానే. మావోళ్ల తప్పు కాదు.”

పెద్ద పంతులు గారు వంగి పళ్లెంలోకి చూశారు. “అపసవ్యం” అని ఒక్క మాట అని, రెండడుగులు వెనక్కి వేశారు. ఆ మాటకి చుట్టూ గుసగుసలు మొదలయ్యాయి. రాజావారి పెద్దకోడలు గారు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఓనరు గారు ఎక్కడున్నారో నేను చూడలేదు.

రాజావారు కళ్లజోడు తెమ్మన్నారు. ఒక కండువా తీసుకుని బాగా చూశారు. కోపం రాలేదు, కాని ఏం వచ్చిందో కూడా తెలియలేదు. అలాగే పట్టుకుని నెమ్మదిగా గోడ దగ్గర అద్దం ముందుకి నడిచారు. ఆ రోజు కూడా ఆయన ఫోటోలో లాగే ఉన్నారు, పట్టుపంచె, వట్టి ఛాతీ, జంధ్యం.

“ఇటు రా అమ్మా. ఆ అద్దంలో ఉన్న ముసలాయనకి జంధ్యం ఎటుంది?”

నేను తొంగి చూశాను. అద్దంలో మనిషికి ఎటో ఆలోచించడానికి కాస్త టైము పట్టింది. “కుడి భుజం మీదుంది బాబూ.”

“నా చేతిలో ఉన్నాయనకి?”

“ఆయనకీ కుడేపే.”

“మరి తప్పేముంది? నేను రోజూ పొద్దున్నే చూసేది ఈయన్నే. ఎనభై ఏళ్లుగా అపసవ్యంగానే కనిపిస్తున్నాడు.” పంతుళ్ల వైపు తిరిగారు. “చూశారుగా, ఇంకా పోలేదు.”

ముందు ఆ ముసలి రైతుల్లో ఒకాయన నవ్వాడు. తరవాత హాలంతా నవ్వింది. అందరికంటే ఆఖర్న పెద్ద పంతులు గారు నవ్వారు.

రాజావారు లేతరంగు కండువా ఒకటి తెప్పించుకుని రెండూ పక్కపక్కన పట్టుకున్నారు. లేతదాన్ని కాసేపు చూశారు.

“ఈయన్ని నేనెప్పుడూ చూడలేదు. మీరంతా చూసేది ఈయన్నన్నమాట. ఫరవాలేదు, మంచివాడిలాగే ఉన్నాడు. జనానికి ఈయన్ని ఇవ్వండి. నాకు తెలిసిన వాడు నా గదిలో ఉంటాడు, వందా లోపల పెట్టించండి.” అప్పుడు మా ఓనరు గారి కోసం చూశారు. “వంద తక్కువ పడ్డాయి. మళ్లీ అచ్చు వేసి పంపుతారా?”

ఓనరు గారు ఎక్కణ్ణుంచో ముందుకొచ్చి చిత్తం అన్నారు.

“అచ్చు ఎవరు చేస్తారు?”

ఓనరు గారు నా వైపు చూశారు. నేను నేల చూశాను. అంతమందిలో, అప్పుడే కడుపుబ్బా నవ్విన జనంలో, ఆయన ఇంకేం అనగలరు?

“ఈవిడే చేస్తుంది బాబూ.”

“అలాగైతే భయం లేదు” అన్నారు రాజావారు. “ఈవిడకి తప్పు కనబడుతుంది.”

తిరుగు ప్రయాణంలో బస్సు ఎక్కాం. ఓనరు గారు ముందు సీటులో కూర్చున్నాక వెనక్కి తిరిగి, సోమవారం పొద్దున్నే రా, గది తాళం తాత దగ్గర తీసుకో అని మళ్లీ ముందుకి తిరిగిపోయారు. ఒదిన నా పక్కలో మోచేత్తో పొడిచింది, అది ఇప్పటికీ నొప్పే.

పెద్దవాళ్లు నవ్వేశారు కాబట్టి అది తప్పు కాదని మీరు అనుకోకండి. ఆయన మొహం, ఆయన జంధ్యం, నవ్వడం ఆయన ఇష్టం. చేసిన చెయ్యి నాది, నవ్వితే నేను కాదు నవ్వాల్సింది. ఆ కొలత నాకు ఆ రోజు తెలిసింది.

సోమవారం ఎర్రబల్బు కింద తాత పక్కన నిలబడి, నా వేళ్లకి గరుకు తెలియదని మొదటిసారి చెప్పాను. తాత నా చేతులు వెలుగులో తిప్పి చూసి, చాలా బాధపడ్డాడు.

“ముందే సెప్పొచ్చు గదా గుంటా. యేలు కాకపోతే పెదవి నేదా? కింది పెదవి కొంచెం తడుపుకుని ఫిల్ము మూల తాకించు. గరుకు పక్క సిన్నగా అంటుకుంతాది, నున్నన పక్క జారిపోద్ది.”

తాకించి చూశాను. అంటుకుంది. ఎనిమిదేళ్లు అరిగిన వేళ్లకి తెలియనిది పెదవికి ఒక్క క్షణంలో తెలిసిపోయింది.

ఆ తరవాత పద్నాలుగేళ్లు ఆ గది నాదే. ఎమ్మెల్యేలు, బడి హెడ్మాస్టర్లు, బెల్లం వర్తకుల సంఘం పెద్దలు, పెళ్లికొడుకులు, ఒకసారి సర్కసు యజమాని, ఎవరి మొహం అచ్చు వేసినా ముందు నా పెదవికి తాకించకుండా స్క్రీను మీదికి పోనివ్వలేదు. ఈ సంగతి ఒదిన ఒకనాడు మా ఆయనకి చెప్పేసింది. ఆయన అన్నం ముందు కూర్చుని చాలాసేపు ఆలోచించాడు.

“ఊళ్లో పెద్దమనుషులందరికీ అయిపోనాది. నా ఫోటో ఎప్పుడు అచ్చేత్తావు?” అని అడిగాడు.

అంతే నా కథ. ఇంక లేవండి, పొద్దున్నే మీ బస్సు వచ్చేస్తుంది. మీ ఇంటి దండెం ఎప్పుడూ ఖాళీ పడకూడదు. పెద్దవాళ్ల పంచెలూ, ఆడపిల్లల గౌన్లూ, ఉయ్యాల్లో పాపాయి గుడ్డలూ పక్కపక్కన ఆరుతూ ఉండాలి. వాన వస్తే తీయడానికి ఇంట్లో నాలుగు జతల చేతులు పరిగెత్తాలి. అలా ఉండండి, చల్లగా ఉండండి.